హ్యాకింగ్ నేర్చుకుందాం - 2వ పాఠం: పచ్చడి నుంచి ఆకును తీయగలమా?

పోయిన పాఠంలో అనుమతి గురించి చెప్పుకున్నాం. యజమాని ఒప్పుకోకుండా కంప్యూటర్‌లోకి చొరబడితే ఐటీ చట్టం 2000లోని 43వ సెక్షన్ కింద నష్టపరిహారం కట్టాలి. అదే పని మోసపు ఉద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. కాబట్టి ఈ రోజు ప్రయోగమంతా మీ సొంత కంప్యూటర్‌లోనే.

కొన్నేళ్ల క్రితం ఒక కోచింగ్ సెంటర్ సైట్‌లో నా పాస్‌వర్డ్ మర్చిపోయాను. 'ఫర్గాట్ పాస్‌వర్డ్' నొక్కగానే నా పాత పాస్‌వర్డే మెయిల్‌లో వచ్చేసింది. హమ్మయ్య అనుకున్నాను గానీ, నిజానికి అప్పుడే టెన్షన్ పడాల్సింది. వాళ్లు దాన్ని నాకు పంపగలిగారంటే, వాళ్ల దగ్గర అది ఉన్నదున్నట్టుగా ఉందన్నమాట. 2009లో రాక్‌యూ అనే అమెరికా కంపెనీ ఇలాగే దాచుకుంటే 3.2 కోట్లకు పైగా పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి. అందులో అందరికన్నా ఎక్కువమంది పెట్టుకున్నది 123456.

బాధ్యత గల సైట్లు పాస్‌వర్డ్‌ను దాచవు, దాని హ్యాష్‌ను దాస్తాయి. అదేమిటో చేసి చూద్దాం. నోట్‌ప్యాడ్‌లో 'గోంగూర' అని ఒక్క మాట రాసి సేవ్ చేయండి. ఫైళ్లను కుదించే 7-జిప్ అనే సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకుని ఉంటే ఆ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, 'సీఆర్‌సీ ఎస్‌హెచ్‌ఏ' మెనూలో ఎస్‌హెచ్‌ఏ-256 (హ్యాష్ చేసే ఒక పద్ధతి) ఎంచుకోండి. అక్షరాలూ అంకెలూ కలిసిన 64 గుర్తుల వరుస వస్తుంది, అదే హ్యాష్. ఇప్పుడు 'గోంగూరా' అని మార్చి మళ్లీ చూడండి. ఒక్క దీర్ఘానికి వరుస గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. దీర్ఘం తీసేస్తే మళ్లీ మొదటి వరుసే.

హ్యాష్ అంటే రోట్లో నూరిన పచ్చడి. పచ్చడి నుంచి ఆకును తిరిగి తీయలేం. హ్యాకర్ కూడా తీయడు. తన రోట్లో ఒక్కో ఆకూ నూరుతూ పోతాడు, ఏది మీ పచ్చడితో సరిపోతే అదే మీ పాస్‌వర్డ్. ఎనిమిది ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో దాదాపు 20,900 కోట్ల కలయికలు వస్తాయి. వినడానికి పెద్ద సంఖ్యే, కానీ వేగంగా నూరే హ్యాష్ అయితే ఒక్క మంచి గ్రాఫిక్స్ కార్డు సెకనుకు వందల కోట్లు ప్రయత్నిస్తుంది.

దీనికి విరుగుడును 1979లోనే రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రాసి పెట్టారు. దాని పేరు సాల్ట్, అంటే ఉప్పే. నూరేముందు ఒక్కొక్కరి పాస్‌వర్డ్‌కు ఒక్కో రకం ఉప్పు కలుపుతారు. ఇద్దరిదీ ఒకే పాస్‌వర్డ్ అయినా రెండు పచ్చళ్లూ వేరు, ముందే నూరి పెట్టుకున్న జాబితాలు పనికిరావు. నూరడమే కావాలని నిదానం చేయడం రెండో విరుగుడు. 1999లో వచ్చిన బీక్రిప్ట్ అనే హ్యాష్ పద్ధతి చేసేది అదే.

అసలు తమాషా తర్వాత జరిగింది. 1988 నవంబరులో ఇంటర్నెట్‌ను స్తంభింపజేసిన వార్మ్‌ను (ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి తనంతట తానే పాకే ప్రోగ్రామ్‌ను) వదిలింది ఆ మోరిస్ గారి కొడుకే! అది పాస్‌వర్డ్‌లను ఊహించడానికి వెంట తెచ్చుకున్న జాబితాలో ఉన్నవి 432 మాటలే. వాటితో పాటు యూజర్ పేరును, ఆ పేరునే తిరగేసి కూడా ప్రయత్నించేది. తండ్రి ఉప్పు కలిపినా, జనం సులువైన ఆకులే వేస్తుంటే కొడుక్కి అడ్డేముంది? కోర్టు అతనికి మూడేళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజ సేవ, 10,050 డాలర్ల జరిమానా విధించింది.

ఇంటి పని: మీ తమ్ముణ్నో చెల్లెల్నో తనకిష్టమైన హీరో పేరో ఊరి పేరో ఒక ఫైల్‌లో రాసి, హ్యాష్ మాత్రమే మీకివ్వమనండి. పది ప్రయత్నాల్లో పట్టుకోండి. ఎంటర్ గానీ స్పేస్ గానీ కొడితే అదీ లెక్కలోకి వస్తుంది, కాబట్టి ఇద్దరూ పేరు ఒక్కటే రాయాలి. ఎన్నో ప్రయత్నంలో దొరికిందో రాసి పెట్టుకోండి, మూడో పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.