ఘన, ద్రవ, వాయువులు: బియ్యంతో మొదలుపెట్టండి

"ఘనానికి ఆకారం ఉంటుంది, ద్రవానికి ఉండదు" అని బోర్డు మీద రాయగానే మిర్యాలగూడ రైసుమిల్లుల పక్కన పెరిగిన పిల్లకు అనుమానం రావాలి: "మరి బియ్యం చెంబుల పోస్తె చెంబు లెక్కనే ఉంటయి గద సార్?" రాకపోతే మీరే అడగండి. గిలాసెడు బియ్యం, గిలాసెడు నీళ్లు వేరువేరు పళ్లాల్లో పోయించండి. బియ్యం కుప్పగా నిలుస్తుంది, నీళ్లు పరుచుకుంటాయి. ఒక్క గింజను భూతద్దంలో చూపండి, దాని ఆకారం మారలేదు.

తర్వాత సూది లేని 10 మి.లీ. కొత్త సిరంజి. నిండా గాలి లాగి, మూతిని బొటనవేలితో మూసి నొక్కితే పిస్టన్ 5, 6 గీతల దాకా దిగుతుంది, వదిలితే వెనక్కి తంతుంది. నీళ్లు నింపితే కదలదు. కదిలిందంటే లోపల బుడగ ఉన్నట్టే. మూతి పైకి పట్టి, గోటితో తట్టి, బుడగను బయటికి నెట్టండి. కణాల మధ్య ఖాళీ సంగతి ఇప్పుడు చెప్పాలి, ముందు కాదు.

ఐసుగడ్డ పాఠం పాలమూరు ఎండల్లో మధ్యాహ్నానికి పెట్టుకోవద్దు, మొదటి పీరియడ్‌లోనే కానివ్వండి. కాగే నీళ్లపైన తెల్లగా కనిపించేదాన్ని ఆవిరి అని మాత్రం చెప్పకండి. అవి సన్నని నీటి తుంపరలు. అసలు ఆవిరి కంటికి కనపడదు.