ఎండ్యూరెన్స్ రైడ్: గుర్రం నాడి 64కి దిగేదాకా

ఎండ్యూరెన్స్ రైడ్ అంటే గుర్రం మీద చేసే దూరపు పోటీ. నా మొదటి 80 కిలోమీటర్ల పోటీలో రెండో వెట్ గేట్‌కి (దారిలో డాక్టర్ గుర్రాన్ని పరీక్షించే చోటు) ఆరో స్థానంలో చేరాను. అక్కడితో నా రైడ్ అయిపోయింది. వెటర్నరీ డాక్టర్ స్టెతస్కోప్ పెట్టి 72 అన్నారు. కాసేపాగి చూస్తే 70. ఉండాల్సింది 64. బూడిద (నా బూడిదరంగు ఆడగుర్రం పేరు అదే, నవ్వుకోండి) కుంటడం లేదు, గడ్డి కూడా నములుతోంది. కానీ ఇచ్చిన గడువులో నాడి దిగలేదు. తప్పు దానిది కాదు, మొదటి లూపంతా, అంటే దారిలో మొదటి చుట్టంతా, ముందున్న గుంపుని పట్టుకోవాలని తోలింది నేను.

ఈ పోటీలు సాధారణంగా 40 నుంచి 160 కి.మీ. దాకా ఉంటాయి, ఒకే రోజులో ముగుస్తాయి. దారిని 20 నుంచి 40 కి.మీ. లూపులుగా విడగొడతారు. ప్రతి లూపు చివరా వెట్ గేట్ ఉంటుంది. చాలాచోట్ల నాడి నిమిషానికి 64కి, కొన్నిచోట్ల 60కి దిగాలి. దానికి ఒకచోట 15 నిమిషాలిస్తే ఇంకోచోట 30 ఇస్తారు, కాబట్టి ముందే ఆ పోటీ రూల్‌బుక్ చదవండి. కొత్తవాళ్ళు పట్టించుకోని సంగతి ఒకటుంది. తప్పనిసరి విశ్రాంతి, అంటే ఓ 40, 50 నిమిషాలు, చాలా పోటీల్లో మీరు గేట్‌కి వచ్చినప్పుడు మొదలవదు, నాడి దిగాకే మొదలవుతుంది. నేను పది నిమిషాలు ముందొచ్చి, నాడి దించడానికి 14 నిమిషాలు తీసుకున్నాననుకోండి. వెనక తీరిగ్గా వచ్చి రెండే నిమిషాల్లో దించుకున్నావిడ నాకంటే రెండు నిమిషాలు ముందు బయల్దేరుతుంది. నేను దౌడు తీయించి సంపాదించిందేమిటి? ఏమీ లేదు.

అందుకే మొదట కొనాల్సింది కొత్త జీను కాదు, స్టెతస్కోప్. ఎడమవైపు, ముందుకాలి మోచేయి వెనక పెట్టండి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. "లబ్-డబ్" రెండూ కలిపి ఒక్కటే. నేను మొదటివారం రెండింటినీ విడివిడిగా లెక్కపెట్టి, గుర్రానికి ఏదో జబ్బు చేసిందని హడలిపోయాను. ఊరికే నిలబడ్డ గుర్రానికి 30, 40 మధ్య ఉంటుంది. రోజూ రైడ్ అయిన వెంటనే, అయిదు నిమిషాలకి, పది నిమిషాలకి చూసి ఓ నోటుబుక్‌లో రాయండి. రెండు నెలల్లో మీ గుర్రం లెక్క మీకు తెలిసిపోతుంది. ఎప్పుడూ పది నిమిషాల్లో 60కి వచ్చేది ఓ రోజు 72 దగ్గర ఆగిందంటే, ఎక్కడో నొప్పి ఉండి ఉండొచ్చు. ఒకసారి బూడిదకి అలాగే జరిగింది, మర్నాడు ఎడమ ముందుకాలు కుంటింది.

శిక్షణలో గుండె, ఊపిరితిత్తులు మనల్ని మోసం చేస్తాయి. అవి కొద్ది నెలల్లోనే బలపడతాయి. గుర్రం ఉరకలేస్తుంది, మనకి ఇక పోటీకి రెడీ అనిపిస్తుంది. కానీ ఎముకలకి, స్నాయువులకి ఇంకా చాలా కాలం పడుతుంది. మొదటి ఏడాదంతా నెమ్మదిగా, ఎక్కువ దూరం తిరగడమే మంచిది. వారానికి మూడుసార్లు 8, 10 కి.మీ. నడక, ట్రాట్ (నడకకీ దౌడుకీ మధ్య, లయగా సాగే పరుగు) కలిపి చేయించండి. తర్వాత వారంలో ఒకరోజు దూరం పెంచండి. దూరం పెంచిన వారం వేగం పెంచకండి, గుట్టలెక్కించకండి. 25, 30 కి.మీ. హాయిగా తిరిగొస్తుంటే 40 కి.మీ. పోటీకి పేరివ్వొచ్చు. పోటీ దూరం మొత్తం ఇంటి దగ్గరే తిప్పి చూడాల్సిన పనిలేదు. ట్రాట్‌లో గుర్రం అడుగుల లయకి జీను మీద లేచి కూర్చుంటాం కదా, ఏ ముందుకాలు నేలమీద పడ్డప్పుడు కూర్చుంటున్నారో అది అప్పుడప్పుడు మార్చుకోండి, లేకపోతే గుర్రం వీపు ఒకపక్కే అలిసిపోతుంది. అమెరికాలో ఈ పోటీలకి నియమాలు పెట్టే ఏ.ఇ.ఆర్.సి., 80 కి.మీ. అంతకుమించిన పోటీలకి అయిదేళ్ళు నిండని గుర్రాన్ని రానివ్వదు. నాకైతే ఆరు దాటాక తేవడమే ఇష్టం.

ఇక నీళ్ళు. మొదటి 25, 30 కి.మీ. గుర్రం తొట్టె వైపు కన్నెత్తి కూడా చూడకపోవచ్చు. గుర్రం చెమటలో ఉప్పు రక్తంలోకంటే ఎక్కువ. నీళ్ళతోపాటు ఉప్పూ పోతుంది కాబట్టి రక్తం చిక్కబడినట్టు శరీరానికి తెలియదు, దాహం వేయదు. అందుకే ఎలక్ట్రోలైట్లు, అంటే చెమటలో పోయిన ఉప్పులు, ఇస్తాం. నీళ్ళు తాగాకే ఇవ్వండి. ఒంట్లో నీళ్ళు లేని గుర్రానికి ఉప్పు ఎక్కిస్తే మేలుకన్నా కీడే ఎక్కువ. దారిలో ఎక్కడ నీళ్ళు కనబడ్డా ఆపండి. పక్కవాళ్ళ గుర్రం తాగుతుంటే, అది తల ఎత్తేదాకా మీరూ కదలకండి. మీరు వెళ్ళిపోతే అదీ తాగడం మానేసి మీ వెంటపడుతుంది. ముందురోజంతా ఎండుగడ్డి కడుపునిండా పెట్టండి, పేగుల్లో అది నీటిని పట్టి ఉంచుతుంది. పొద్దున్నే బస్తాడు దాణా పెట్టేసి బయల్దేరకండి.

సామాను గురించి ఒకే మాట: ఆ రోజు ఏదీ కొత్తది వాడొద్దు. నేను కొత్త ప్యాంటు వేసుకెళ్ళాను, ఆ కుట్టు నా మోకాలికి చేసింది ఇప్పటికీ మచ్చగా ఉంది.

బయల్దేరే సమయంలో అందరి గుర్రాలూ పూనకం వచ్చినట్టు ఉంటాయి. మీకు టెన్షన్, దానికి టెన్షన్. గుంపుని పోనిచ్చి పది నిమిషాలు ఆగి బయల్దేరండి. గుర్రం తన్నేదైతే తోకకి ఎర్ర రిబ్బన్ కట్టండి. గంటకి 10, 12 కి.మీ. చాలు. బాగా ఏటవాలుగా దిగేచోట మీరూ దిగి నడవండి.

గేట్ ఇంకో రెండు కిలోమీటర్లు ఉందనగా నడకలోకి రండి. చివర్లో దిగి, జీను పట్టీ వదులు చేసి, పగ్గం పట్టుకుని నడిపించుకురండి. మెడమీద, కాళ్ళ లోపలివైపు ఆపకుండా నీళ్ళు పోయండి. అక్కడ రక్తనాళాలు పైకే ఉంటాయి. చలిగా ఉన్నరోజు మాత్రం వెనక తొడల మీద పోయకండి, కండరాలు పట్టేస్తాయి. తల కిందికి వంచనివ్వండి, తలెత్తి దిక్కులు చూసే గుర్రానికి నాడి దిగదు. తోడొచ్చిన గుర్రం వెళ్ళిపోతే సకిలించి, 58 ఉన్నది 70కి పోతుంది. తోడుగుర్రం ఉన్నప్పుడే నాడి చూపించేయండి.

తర్వాత డాక్టర్ చిగుళ్ళు నొక్కి రంగు ఎంతసేపట్లో తిరిగొస్తుందో చూస్తారు, చర్మం లాగి వదులుతారు, పొట్టమీద స్టెతస్కోప్ పెట్టి పేగుల చప్పుడు వింటారు. తర్వాత ట్రాట్ చేయించమంటారు. తాడు వదులుగా పట్టుకుని గుర్రం భుజం పక్కన పరుగెత్తండి, వెనక్కి తిరిగి చూడకండి. కుంటే గుర్రానికి తల ఊగుతుంది; తాడు బిగిస్తే ఆ ఊగడం కనబడదు, డాక్టర్‌కి అనుమానం వస్తుంది. ఇది ఇంట్లో వందసార్లు చేయించండి. నిజం చెప్పాలంటే, చాలామంది తెచ్చిన గుర్రాలు పరుగెత్తనిది ఇక్కడే.

బయటికి పంపేస్తే సిగ్గుపడకండి. అమెరికాలో 1955 నుంచి జరుగుతున్న టెవిస్ కప్‌లో 24 గంటల్లో 160 కి.మీ. పూర్తి చేయాలి. బయల్దేరినవాళ్ళలో దాదాపు సగం మందికి అది కుదరదు. ఏ.ఇ.ఆర్.సి. నినాదమే "పూర్తి చేయడమే గెలవడం". రెండోసారి బూడిద, నేనూ చివరి నుంచి నాలుగోవాళ్ళం. అన్ని గేట్లలోనూ నాడి మూడు నిమిషాల్లోపే దిగింది.

గీత దాటగానే పోటీ అయిపోదు. చివరి పరీక్షలో గుర్రం ఇంకా ముందుకు వెళ్ళగలిగేలా ఉందని డాక్టర్ అంటేనే మీ పేరు లెక్కలోకి వస్తుంది. ఆ రాత్రే బండెక్కించి ఇంటికి తోలకండి. రెండు మూడు గంటలకోసారి లేచి తొట్టెలో నీళ్ళు తగ్గాయా, పేడ వేసిందా, కాళ్ళకి వాపుందా చూడండి. పొద్దున్నే చేత్తో పట్టుకుని పది అడుగులు ట్రాట్ చేయించండి. నాడి కూడా చూసి నోటుబుక్‌లో రాయండి.