బావిలో బ్లీచింగ్ ఎంత కలపాలి, ఎలా కలపాలి

చాలామంది గుప్పెడు బ్లీచింగ్ పౌడర్ తీసి అలాగే బావిలోకి విసిరేస్తారు, దయచేసి అలా చేయకండి, అందులో ఉండే సున్నం అడుక్కి చేరిపోయి నీళ్ల కాఠిన్యం ఇంకా పెరుగుతుంది తప్ప క్లోరిన్ సరిగ్గా కలవదు.

ముందు నీళ్లెన్ని ఉన్నాయో లెక్క కట్టాలి. గుండ్రటి బావైతే వెడల్పుని వెడల్పుతో, తర్వాత నీటి లోతుతో, ఆపైన 785తో గుణిస్తే లీటర్లు వస్తాయి, కొలతలన్నీ మీటర్లలోనే. 3 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల నీళ్లుంటే 28 వేల లీటర్ల పైనే. 1000 లీటర్లకి 2.5 గ్రాముల చొప్పున సుమారు 70 గ్రాములు చాలు, అదీ పౌడర్ తాజాగా ఉండి 33 శాతం క్లోరిన్ ఉంటేనే, ఎప్పుడో మూతి విప్పి వదిలేసిన సంచిలో అంత బలం ఉండదు.

ముక్కుకి గుడ్డ కట్టుకుని బకెట్లో కొంచెం నీళ్లతో ముద్దలా కలిపి, ముప్పావు వంతు నింపి తిప్పి పది నిమిషాలు వదిలేయండి, పైన తేరిన నీళ్లు మాత్రమే ఇంకో బకెట్లోకి వంచుకుని దాన్ని తాడుతో బావి నీళ్లలోకి దింపి పైకీ కిందకీ గట్టిగా ఆడించండి. తర్వాత గంటసేపు ఎవరూ తోడకూడదు, అందుకే రాత్రిపూట చేయడమే మంచిదంటాను. గంటయ్యాక క్లోరోస్కోప్‌తో, అంటే నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ని కొలిచే పరికరంతో చూస్తే, లీటరుకి 0.5 మిల్లీగ్రాము క్లోరిన్ కనబడాలి, లేదంటే మళ్లీ కలపాలి.

ఇంకోటి, ఇది కలరా, టైఫాయిడ్ లాంటి క్రిములకే. ఫ్లోరైడ్ దీనితో పోదు, మరిగించినా పోదు, లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి వేరే నీళ్లు చూసుకోవాల్సిందే.