పైథాన్‌లో ఈనమ్‌లు, ఫ్లాగ్‌లు: లక్షణం, కారణం, పరిష్కారం

ఈనమ్ (పేర్లు పెట్టిన విలువల జాబితా) అంటే "వీటిలో ఏదో ఒకటి". ఫ్లాగ్ అంటే "వీటిలో ఎన్నైనా కలిపి". రెండిటి అడుగునా సాధారణంగా ఉండేవి అంకెలే కాబట్టి ఒకదాని లెక్క రెండోదానిలోకి జారిపోతుంది. కింది చిక్కుల్లో చాలావాటికి మూలం అదే. ఉదాహరణకి మూడు హక్కులు తీసుకుందాం: చదువు, రాత, అమలు.

లక్షణం: అమలు హక్కు ఒక్కటే ఇచ్చాం, చదవడం, రాయడం కూడా నడుస్తున్నాయి.
ఈనమ్ అలవాటుతో 1, 2, 3 అని వరసగా వేసి ఉంటారు. 3 అంటే బిట్లలో 011, అంటే 1, 2 కలిసినదే. పైథాన్ ఎర్రర్ చూపదు, ఆ అమలుని "చదువు | రాత"కి మరో పేరుగా తీసుకుంటుంది. పైథాన్ 3.11 నుంచి క్లాస్ మీద లూప్ తిప్పితే ఒక్క బిట్ మెంబర్లే (క్లాస్‌లో పేరు పెట్టిన విలువలే) వస్తాయి. అందులో అమలు కనబడకపోతే ఇదే జబ్బు. ప్రతి హక్కుకీ సొంత బిట్ ఇవ్వండి: 1, 2, 4. లేదా విలువలు తనే వేసే ఆటో()కి వదిలేయండి, ఫ్లాగ్ క్లాస్‌లో అది రెట్టింపులే ఇస్తుంది.

లక్షణం: రెండు హక్కులూ కావాలన్న చోట ఒక్కటి ఉన్నవాళ్లు కూడా లోపలికి వస్తున్నారు.
"హక్కులు & కావలసినవి" సున్నా కాకపోతే చాలు, ఇఫ్ దాటేస్తుంది. అది "ఏదో ఒకటి ఉందా" అన్న ప్రశ్న. అన్నీ ఉండాలంటే (హక్కులు & కావలసినవి) == కావలసినవి అని రాయాలి. కావలసినవి 0 అయితే ఈ పరీక్ష ఎప్పుడూ నిజమే, దాన్ని ముందే ఆపండి.

లక్షణం: రాత హక్కు రెండోసారి ఇస్తే ఉన్నది పోయి అమలు వచ్చింది.
మామూలు అంకెలతో + వాడారు: 2 + 2 = 4. కలపడానికి | వాడండి, ఎన్నిసార్లు కలిపినా మారదు. తీసేయడానికి "& ~రాత". ^ బిట్‌ని తిరగేస్తుంది కాబట్టి, అది వాడితే లేని హక్కు వచ్చి కూర్చుంటుంది.

లక్షణం: డేటాబేస్ నుంచి వచ్చిన 2తో పోలిక ఎప్పుడూ అబద్ధమే.
మామూలు ఈనమ్ మెంబర్ అంకెతో సమానం కాదు. మీ ఈనమ్ క్లాస్ పేరు స్థితి అనుకుంటే, విలువ లోపలికి వచ్చే చోటే స్థితి(2) అని మార్చండి. తెలియని అంకె వస్తే వాల్యూఎర్రర్ అక్కడే పట్టిస్తుంది. మెంబర్లు అంకెల్లాగే నడిచే ఇంట్‌ఈనమ్‌కి మారితే పోలిక కుదురుతుంది గానీ, సంబంధం లేని రెండు క్లాసుల్లో ఒకే అంకె ఉన్న మెంబర్లు కూడా సమానమైపోతాయి. నేను దాన్ని పాత కోడ్ కోసమే ఉంచుతాను. ఇంకో సంగతి: మామూలు ఈనమ్‌లో విలువ 0 అయినా ఇఫ్‌లో నిజమే.

లక్షణం: బయటి ఫైల్లో 16 వచ్చింది, ఫ్లాగ్ వాల్యూఎర్రర్ ఇచ్చింది.
ఫ్లాగ్ తెలియని బిట్‌ని ఒప్పుకోదు. 3.11 నుంచి బౌండరీ (తెలియని బిట్‌ని ఏం చేయాలన్న అమరిక) ఎంచుకోవచ్చు: కన్‌ఫార్మ్ ఆ బిట్‌ని పారేస్తుంది, కీప్ ఉంచుతుంది. చదివిన విలువని తిరిగి అదే ఫైల్లో రాసేటట్టయితే కీప్ పెట్టండి. లేకపోతే వేరే ప్రోగ్రామ్ పెట్టుకున్న బిట్లు చప్పుడు లేకుండా పోతాయి.

ఇదే కోడ్‌ని జావాస్క్రిప్ట్‌లోకి తెస్తే బ్రాకెట్లు వదలకండి: అక్కడ & కంటే ముందు == జరుగుతుంది. బిట్ లెక్కలు గుర్తుతో కూడిన 32 బిట్లలోనే సాగుతాయి కాబట్టి 1 << 31 రుణ సంఖ్య, 1 << 32 మళ్లీ 1. అంతకు మించి ఫ్లాగ్‌లు ఉంటే ఎంత పెద్ద పూర్ణ సంఖ్యలనైనా పట్టే బిగ్‌ఇంట్ వాడాలి.