ఎంబెడెడ్ పరికరం ఆలస్యంగా బూట్ అవుతుంటే: నాన్-వోలటైల్ మెమరీతో సమస్య - పరిష్కారం

నాన్-వోలటైల్ మెమరీ (కరెంటు పోయినా సమాచారాన్ని నిలుపుకునే మెమరీ) చిప్ మార్చాలన్న నిర్ణయానికి ముందే, సమయం ఏ దశలో ఖర్చవుతోందో సీరియల్ కన్సోల్‌లో (పరికరం పంపే బూట్ సందేశాలు కనిపించే చోట) టైమ్‌స్టాంపులు చూసి తేల్చుకోవాలి. జాప్యం జరిగే చోటును బట్టి కారణం మారుతుంది.

సమస్య: బూట్‌లోడర్ (కెర్నల్‌ను ర్యామ్‌లోకి తెచ్చి నడిపించే ప్రోగ్రామ్) మొదలయ్యాక కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) తొలి సందేశం రావడానికి చాలా సమయం పడుతోంది.
కారణం: కెర్నల్ ఇమేజ్ ఫ్లాష్ నుంచి ర్యామ్‌లోకి నెమ్మదిగా చేరుతోంది. ఎస్‌పీఐ (కొద్ది తీగలతో పనిచేసే సీరియల్ అనుసంధానం) ఫ్లాష్‌ను 50 మెగాహెర్ట్జ్ వద్ద ఒకే డేటా లైనుతో చదివితే సెకనుకు 6.25 మెగాబైట్లకు మించి రావు కనుక, 5 మెగాబైట్ల ఇమేజ్‌కు కనీసం 0.8 సెకను పడుతుంది.
పరిష్కారం: చిప్, కంట్రోలర్ రెండూ అనుమతిస్తే నాలుగు డేటా లైన్లు వాడే క్వాడ్ మోడ్‌కు మారాలి, అదే పని సుమారు 0.2 సెకనులో అవుతుంది. నార్ (కోడ్‌ను ఉన్నచోటి నుంచే నడపగల రకం) ఫ్లాష్ నుంచే కోడ్‌ను నేరుగా నడిపితే కాపీ అవసరమే ఉండదు గానీ, ఆ తర్వాత అమలు వేగం తగ్గవచ్చు. అందువల్ల ఈ పద్ధతి చిన్న ఫర్మ్‌వేర్‌కే తగినదని నా అభిప్రాయం.

సమస్య: నాండ్ ఫ్లాష్ (బ్లాకులవారీగా చెరిపే మరో రకం ఫ్లాష్) పరిమాణం పెరిగిన కొద్దీ మౌంట్ సమయం, అంటే ఫైల్ సిస్టమ్ వాడకానికి సిద్ధమయ్యే సమయం, పెరుగుతోంది.
కారణం: ఫ్లాష్‌ను అటాచ్ చేసేటప్పుడు యూబీఐ (ఫ్లాష్ బ్లాకులను నిర్వహించే లినక్స్ భాగం) ప్రతి ఎరేజ్ బ్లాక్ (ఒకేసారి చెరిపే భాగం) హెడర్‌నూ చదువుతుంది.
పరిష్కారం: లినక్స్ 3.7 నుంచి లభిస్తున్న ఫాస్ట్‌మ్యాప్‌ను (బ్లాకుల వివరాలను ఒకచోట దాచి, అన్నిటినీ చదివే పని తప్పించే సదుపాయాన్ని) కెర్నల్ కాన్ఫిగరేషన్‌లో ఎనేబుల్ చేయాలి.

సమస్య: కెర్నల్ త్వరగానే లేచినా, అప్లికేషన్ సిద్ధం కావడానికి ఎక్కువ సమయం తీసుకుంటోంది.
కారణం: కాలిబ్రేషన్ విలువలు, పట్టికలు ప్రతిసారీ మొదటి నుంచి లెక్కించబడుతున్నాయి.
పరిష్కారం: లెక్కించిన ఆ స్థితిని ఎఫ్‌ర్యామ్‌లో గానీ ఎమ్‌ర్యామ్‌లో గానీ (ఇవి కూడా నాన్-వోలటైల్ మెమరీలే) భద్రపరిస్తే మళ్లీ లెక్కించే పని తప్పుతుంది. ఫ్లాష్‌లో చిన్న మార్పుకైనా ముందుగా బ్లాక్ మొత్తం చెరపవలసి రావచ్చు. ఎఫ్‌ర్యామ్, ఎమ్‌ర్యామ్‌లలో మాత్రం బైట్ స్థాయిలో నేరుగా రాయవచ్చు.

సమస్య: బూట్ వేగం పెరిగింది, కానీ కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు పరికరం అప్పుడప్పుడు తప్పుడు స్థితితో లేస్తోంది.
అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త ఇక్కడే కావాలి, ఎందుకంటే వేగం కోసం దాచుకున్న సమాచారమే ఇక్కడ ప్రమాదకారి అవుతుంది.
కారణం: రాత సగంలో ఆగిపోయి ఉండవచ్చు, లేదా మెమరీని ప్రాసెసర్ నేరుగా అడ్రస్ చేసే అమరికలో, రాసినట్టు ప్రోగ్రామ్ భావించిన విలువలు ఇంకా కాష్‌లోనే (ప్రాసెసర్‌లోని తాత్కాలిక మెమరీలోనే) ఉండిపోయి ఉండవచ్చు. మూడో కారణం తరచుగా దృష్టికి రాదు: మెమరీ స్థితిని నిలుపుకుంటుంది గానీ, పెరిఫెరల్ రిజిస్టర్లు (అనుబంధ హార్డ్‌వేర్ సెట్టింగులు ఉండే స్థానాలు) తమ స్థితిని కోల్పోతాయి.
పరిష్కారం: స్థితిని రెండు ప్రతులుగా మార్చిమార్చి రాస్తూ, ప్రతిదానికీ వరుస సంఖ్య, సీఆర్‌సీ (డేటా చెడిందో లేదో తెలిపే తనిఖీ సంఖ్య), ఫర్మ్‌వేర్ వెర్షన్ జతచేయాలి. డేటా రాసి కాష్‌ను ఫ్లష్ చేసి, అది మెమరీకి చేరిందని నిర్ధారించుకున్న తర్వాతే చెల్లుబాటు గుర్తును రాయాలి. డ్రైవర్లు మాత్రం ప్రతి బూట్‌లోనూ హార్డ్‌వేర్‌ను కొత్తగా ఇనిషియలైజ్ చేయాలి. పాత స్థితితో లేచిన పరికరం వాచ్‌డాగ్ (ప్రోగ్రామ్ స్తంభిస్తే రీసెట్ చేసే టైమర్) వల్ల రీసెట్ అయితే, తర్వాతి బూట్‌లో ఆ ప్రతిని పక్కనపెట్టి పూర్తి కోల్డ్ బూట్ (దాచిన స్థితిని వాడకుండా మొదటి నుంచి బూట్) చేసేలా బూట్‌లోడర్‌ను అమర్చాలి. లేకపోతే అదే లోపంతో పరికరం పదే పదే రీసెట్ అవుతూ ఉంటుంది.