కాలనీ బతుకమ్మలో కొత్తవాళ్లను కలుపుకోవడం ఎలా?

నల్లగొండలో మా వీధిలో సగం కిరాయి ఇళ్లే. బదిలీ మీద వచ్చినవాళ్లు, పిల్లల చదువు కోసం పల్లె వదిలినవాళ్లు, ఒక సిక్కోలు (శ్రీకాకుళం) కుటుంబం. మూడేళ్ల కింద ఆ సిక్కోలు ఆవిడను గేటు బయటి నుంచే "సాయంత్రం బతుకమ్మకు రండి" అని పిలిచి, నా పని అయిపోయిందనుకున్నా. పాపం, వచ్చింది. గంటసేపు కరెంటు స్తంభం పక్కన ఫోన్ చూసుకుంటూ నిలబడి వెళ్లిపోయింది. నేనేమో ఆటలో మునిగి ఉన్నా. అప్పటి నుంచి పద్ధతి మార్చుకున్నాం.

ముందు పనికి పిలవండి

ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆట ఉండదు. ఇంటింటికీ వెళ్లడానికి ఆ రోజే తీరిక. ఊరికే "రండి" అంటే ఎవరికైనా మొహమాటమే. "అక్కా, చివరి రోజు సద్దుల నాడు పొద్దున కత్తెర పట్టుకొని మా వాకిట్లోకి రండి, గునుగు కట్టాలి" అని చెప్పండి. తంగేడు వరుసలు పేర్చడం అలవాటు లేని చేతికి కష్టం, బతుకమ్మ ఒక పక్కకు ఒరుగుతుంది. గునుగు అట్లా కాదు. కాడలు సమానంగా కత్తిరించి, చిన్న చిన్న కట్టలు కట్టి, పూలను రంగునీళ్లలో ముంచి ఆరబెట్టడమే. ఆ రంగు చేతులకు అంటితే తొందరగా పోదు, పాత చీర కట్టుకొని రమ్మని ముందే చెప్పండి.

కొత్తగా వచ్చినామెతో పూలు ఎక్కువ కొనిపించొద్దు. పండుగ పూట బంతి, చామంతి ధర అడగడానికే భయం. పళ్లెంలో నాలుగు వరుసలు పేర్చినా చాలు, మీ పెద్ద బతుకమ్మ పక్కన పిల్ల బతుకమ్మగా పెట్టండి.

చందా ఎవరెంత ఇచ్చారో మైకులో చదవొద్దు. అంతే.

మొదటి అరగంట డీజే ఆపండి

దీని మీద మా వీధిలో ఏటా గొడవే, పిల్లలు నా మీద అలుగుతారు. కానీ నోటి పాటలో ఒకరు చరణం అందుకుంటే మిగతావాళ్లు "ఉయ్యాలో" అంటే చాలు. ఆ ఒక్క మాట వస్తే ఎవరైనా కలిసిపోవచ్చు. డీజే వేగానికి మాత్రం అలవాటైన కాళ్లే అందుకుంటాయి, మిగతావాళ్లు వీడియోలు తీస్తూ నిలబడతారు. వంగి చప్పట్లు కొట్టే తీరు నేర్పడానికి క్లాసు పెట్టక్కర్లేదు. కొత్తామెకు ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు ఆట వచ్చినవాళ్లు ఉంటే రెండో చుట్టుకు తనే పట్టేస్తుంది. జనం ఎక్కువైతే రెండు వలయాలు చేయండి.

పిలవందే రానివాళ్లు

భర్త పోయిన ఆడవాళ్లు మన వీధిలో పుట్టి పెరిగినవాళ్లే అయినా గడప దాటరు. పసుపు కుంకుమల దగ్గర ఎవరేమంటారోనని వాళ్ల టెన్షన్. మైకులో పేరు పెట్టి పిలిస్తే ఇంకా ముడుచుకుంటారు. వీధిలో అందరికన్నా పెద్ద ముత్తైదువను వాళ్లింటికి పంపండి. మా దగ్గర అట్లా వెళ్లిన పెద్దమ్మ ఏం ఉపన్యాసం చెప్పలేదు. "నాకు మోకాళ్ల నొప్పి, నీ చెయ్యి ఆసరా కావాలె, నడువు" అని వెంట తీసుకొచ్చింది. చూసి మూతి విరిచినవాళ్లూ ఉన్నారు. పెద్దమ్మకు ఎదురు చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది.

ముస్లిం ఇళ్లవాళ్లు వస్తే బొట్టు పెడతామని పట్టుబట్టొద్దు. వాళ్లకై వాళ్లు అడిగితే సరే. మలీద (రొట్టె, బెల్లం కలిపి చేసే ముద్దలు) పెట్టండి, పీర్ల పండక్కీ మన ఊళ్లలో చేసేదే కాబట్టి ఎవరికీ కొత్త కాదు.

చెరువు దగ్గర

మాది పానగల్ వైపు కాబట్టి ఉదయసముద్రానికి పోతాం. చీకట్లో కొత్తవాళ్లను, పిల్లలను మెట్ల చివరిదాకా పోనివ్వొద్దు, ఈత వచ్చినవాళ్లు ఇద్దరు ముందుండాలి. నిమజ్జనం అయ్యాక వాయినాలు ఇచ్చుకునేటప్పుడు మళ్లీ ఎవరి గుంపు వాళ్లదే అవుతుంది, అక్కడే కొంచెం కనిపెట్టి ఉండండి. సత్తు, పెరుగన్నం, పులిహోర అన్నీ ఒకే చోట పెట్టి, వడ్డించే గరిటె కొత్తామె చేతికివ్వండి. వడ్డించే మనిషితో అందరూ మాట్లాడక తప్పదు.

ఆ సిక్కోలు ఆవిడ ఇప్పుడు నువ్వుల సత్తు తనే దంచి తెస్తుంది. బెల్లం కాస్త ఎక్కువ వేస్తుంది, మేమేం అనం.