బ్రోమాడయోలోన్ తిన్నా చిట్టెలుకలు చావకపోతే

కోళ్ల షెడ్డులో బ్రోమాడయోలోన్ (రక్తం గడ్డకట్టనివ్వకుండా చంపే ఎలుకల మందు) ఎర ఖాళీ అవుతూనే ఉంది, చిట్టెలుకలు మాత్రం తగ్గట్లేదు. అలాగని మందు పాళ్లు పెంచకండి. అవి చాలినంత తినట్లేదా, తిన్నా తట్టుకుంటున్నాయా అన్నది ముందు తేల్చుకోవాలి.

విశాఖ దగ్గర ఆనందపురం, భీమిలి వైపు లేయర్ (గుడ్ల కోళ్ల) ఫారాల్లోనైనా ముందు అనుమానించాల్సింది మొదటిదే. రాత్రంతా దాణా అందుతుంటే ఎర మీదికి ఎందుకొస్తాయి? చిట్టెలుక రోజుకి తినేది మూడు నాలుగు గ్రాములు, అదీ పది చోట్ల కొరికి. పందికొక్కులకి పెట్టినట్టు మూలకో ముద్ద పెడితే లాభం లేదు. గోడవారన రెండు మూడు మీటర్లకొకచోట 10–15 గ్రాములు పెట్టాలి, దాణా గదిలో పై దూలాల మీద కూడా. సముద్రపు గాలికి ఎర త్వరగా బూజు పడుతుంది, అలాంటిది తీసేసి కొత్తది పెట్టండి.

తర్వాత తూకం పరీక్ష. నూకలు 960 గ్రాములు, నూనె 20, బ్రోమాడయోలోన్ 0.25 శాతం పొడి 20 కలిపితే 0.005 శాతం ఎర వస్తుంది. ప్రతి ట్రేకి నంబరు వేసి సాయంత్రం, ఉదయం తూచి రాయండి. ఒక ట్రే ఎలుకలకి అందని చోట ఉంచండి, తేమవల్ల బరువెంత మారిందో అదే చెబుతుంది. మందు పనిచేయడానికే కొన్ని రోజులు పడుతుంది కాబట్టి మొదటి వారం చూసి తీర్పు చెప్పకూడదు. మామూలుగా రెండు వారాల్లో తిండి బాగా పడిపోతుంది. మూడు వారాలైనా అంతే తింటూ, కొత్త రెట్టలు కనిపిస్తుంటే, బయటినుంచి కొత్తవి రావట్లేదని చూసుకున్నాక, నిరోధకతని గట్టిగా అనుమానించవచ్చు. ఖాయంగా చెప్పేది వీకేఓఆర్‌సీ1 జన్యు పరీక్షే. ఆ జన్యువు మారిన ఎలుకల్లో, విటమిన్ కె ని తిరిగి వాడుకలోకి తెచ్చే ఎంజైముని మందు సరిగా ఆపలేదు. రక్తం గడ్డకడుతూనే ఉంటుంది. బతికినవే పిల్లల్ని పెడతాయి, గర్భం మూడు వారాలే.

ఇక్కడ చాలామంది బ్రాండు మార్చి ఊరుకుంటారు. లేబుల్ మీద మందు పేరు చూడండి. వార్ఫరిన్, కౌమాటెట్రాలిల్ కూడా బ్రోమాడయోలోన్ కుటుంబానివే, పాతవి, ఇంకా బలహీనమైనవి.

జింక్ ఫాస్ఫైడ్ వేరే దారిలో చంపుతుంది, కడుపులో ఫాస్ఫీన్ వాయువై. మొదట రెండు మూడు రాత్రులు మందులేని నూకలు, నూనె పెట్టి అలవాటు చేయండి. ఆ తర్వాత ఒక్క రాత్రే నూకలు 960, నూనె 20, మందు 20 గ్రాములు. కొద్దిగా తిని బతికిన ఎలుక మళ్లీ ఆ ఎర ముట్టదు, అందుకే వెంటనే రెండోసారి పెట్టకూడదు. బయట గాలిలో, గ్లవ్స్ తొడుక్కుని కర్రతో కలపండి. తెల్లారేసరికి మిగిలిన ఎర, చచ్చిన ఎలుకలు ఏరి లోతుగా పాతాలి. కోళ్లు నేలమీద పొట్టులో తిరిగే లిట్టర్ షెడ్డయితే, కోళ్లు ఖాళీ అయ్యాకే ఈ ఎర పెట్టాలి. జింక్ ఫాస్ఫైడ్‌కి విరుగుడు లేదు. మనిషి నోట్లోకి పోతే క్షణం ఆలస్యం చేయకుండా డబ్బాతో సహా విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి తీసుకెళ్లండి. బ్రోమాడయోలోన్ కి విరుగుడు విటమిన్ కె1, దాణాలో కలిపే కె3 పనికిరాదు.

మిగిలిన ఎలుకలకి స్నాప్ ట్రాపులు (స్ప్రింగుతో కొట్టి చంపే బోనులు) పెట్టండి, ఎర వైపు గోడకి తగిలేలా అడ్డంగా. పెన్సిల్ దూరే సందు చాలు చిట్టెలుకకి. 6 మిల్లీమీటర్లు మించని కన్నాల ఇనుప మెష్ కొట్టి, సిమెంటుతో పూడ్చండి. ఫోమ్ ఒక్కటే అయితే కొరికేస్తాయి.